సామాజిక మాధ్యమాల్లో వచ్చే ట్రోజన్: గుర్తించే తీరు, తొలగించే క్రమం

ట్రోజన్ అనే హానికర ప్రోగ్రాము తనంతట తాను ఒక పరికరం నుంచి మరొక పరికరానికి పాకదు. ఉపయోగపడే వస్తువుగా వేషం వేసుకుని, మన చేతనే తలుపు తీయించుకుని లోపలికి వస్తుంది. కాబట్టి మోసగాడు ప్రోగ్రాము రాయడానికి ఎంత శ్రమిస్తాడో, మనం దాన్ని ఇన్‌స్టాల్ చేసేలా కథ అల్లడానికీ అంతే శ్రమిస్తాడు. ఆ కథకు సామాజిక మాధ్యమాలు బాగా కలిసివస్తాయి. అక్కడ సందేశం తెలిసిన పేరుతో, తెలిసిన ఫొటోతో వస్తుంది గనుక, ఆ ఖాతా అప్పటికే ఇతరుల చేతికి చిక్కి ఉండవచ్చన్న అనుమానం మనకు వెంటనే రాదు.

2008లో ఫేస్‌బుక్ వాడేవారి మధ్య వ్యాపించిన కూబ్‌ఫేస్ ఇలాగే పనిచేసింది. మిత్రుడి ఖాతా నుంచి వీడియో లింకు వచ్చేది. తెరిస్తే ఫ్లాష్ ప్లేయర్‌ను అప్‌డేట్ చేసుకోవాలన్న సూచన కనిపించేది. ఆ అప్‌డేటే హానికర ప్రోగ్రాము. 2020 చివర్లో ఫ్లాష్ ప్లేయర్‌కు కాలం చెల్లింది గానీ ఆ పద్ధతికి చెల్లలేదు. 2021లో గూగుల్ బయటపెట్టిన ఒక మోసంలో, యూట్యూబ్ ఛానెళ్లు నడిపేవారికి ప్రకటన ఒప్పందం ఆశ చూపి, పరీక్షించి చూడమని సాఫ్ట్‌వేర్ పంపి, వారి బ్రౌజర్‌లోని కుకీలను, అంటే మనం ఇప్పటికే లాగిన్ అయ్యామని వెబ్‌సైటుకు చెప్పే చిన్న ఫైళ్లను, దొంగిలించారు.

కథలు మారుతుంటాయి కాబట్టి వాటిని గుర్తుపెట్టుకోవడం కన్నా, ప్రతి కథా చివరకు ఏమి అడుగుతుందో గమనించడం మేలు. ఫొటో చూడడానికి, ఆహ్వానపత్రిక చదవడానికి కొత్త యాప్ అక్కరలేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌కు వచ్చిన ఫైలు పేరు ఏపీకే అన్న అక్షరాలతో ముగిస్తే అది పత్రం కాదు, యాప్. విండోస్‌లో ఫైలు పేరు చివరి భాగం మామూలుగా కనిపించదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌ను ఎంచుకుంటే, పీడీఎఫ్ అనుకున్న ఫైలు చివర దాగిన ఈఎక్స్ఈ, అంటే అది ప్రోగ్రామేనన్న గుర్తు, బయటపడుతుంది. పాస్‌వర్డ్‌తో మూసిన జిప్ ఫైలు, దాని పాస్‌వర్డ్ ఒకే సందేశంలో వస్తే మరింత అనుమానించాలి, ఎందుకంటే అలా మూసినప్పుడు యాంటీవైరస్ లోపలికి తొంగిచూడలేదు. మీరు మనిషేనని నిరూపించుకోవడానికి విండోస్ కీతో ఆర్ నొక్కి, ఏదో అతికించి ఎంటర్ కొట్టమనే పేజీని అక్కడికక్కడే మూసివేయండి. అలా అతికించేది మీ కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశం.

ఫోన్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది యాక్సెసిబిలిటీ అనుమతి. చూపు, కదలికలకు సంబంధించిన ఇబ్బందులున్నవారికి సాయపడేందుకు ఏర్పరచిన ఈ సౌకర్యం దుష్ట యాప్ చేతిలో పడితే, అది తెరమీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు, తనను తొలగించే ప్రయత్నాన్ని కూడా అడ్డుకోగలదు. ఫ్లూబాట్ అనే ఆండ్రాయిడ్ ట్రోజన్ ఈ అనుమతిని ఆసరా చేసుకునే బ్యాంకు వివరాలను కాజేసింది. 2022లో ఐరోపా సమాఖ్య పోలీసు సంస్థ యూరోపోల్ సమన్వయంతో పలు దేశాల పోలీసులు దాన్ని అడ్డుకున్నారు. మెసేజీలు చదివే అనుమతి కూడా ఇస్తే ఓటీపీలు నేరుగా మోసగాడికే చేరతాయి. అందుకే తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఏ బ్రౌజర్‌కూ, ఏ మెసేజింగ్ యాప్‌కూ ఇచ్చి ఉంచకండి. హానికర యాప్‌ల కోసం ఫోన్‌ను తనిఖీ చేసే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపమని ఎవరు చెప్పినా వినకండి.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే, చేసే పనుల కన్నా వాటి క్రమం ముఖ్యం. ముందుగా వైఫై, మొబైల్ డేటా రెండూ ఆపండి. ఆ పరికరంలో ఏ పాస్‌వర్డూ టైపు చేయవద్దు, కొత్తదీ దొంగకే చేరవచ్చు. వేరొక శుభ్రమైన పరికరం నుంచి మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్, ఆ తర్వాత బ్యాంకు, సామాజిక మాధ్యమాల పాస్‌వర్డ్‌లు మార్చి, ప్రతి ఖాతాలోనూ అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి. చాలామంది ఈ చివరి పనిని వదిలేస్తారు. దొంగిలించిన కుకీ చెల్లుబాటులో ఉన్నంతకాలం రెండంచెల ధ్రువీకరణ ఉన్నా దొంగ లోపలే ఉండగలడు. బ్యాంకుకు ఫోన్ చేయడానికీ వేరొక ఫోన్‌నే వాడండి.

తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను, మనం పెట్టుకున్న యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో తెరిచి, సెట్టింగ్స్‌లోని డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ జాబితాల్లో ఆ యాప్‌కున్న అధికారాలు తీసేసి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. విండోస్‌లో దానితోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. సందేహం మిగిలితే ఫొటోలు, పత్రాలు మాత్రమే భద్రపరచుకుని, పరికరంలోని మిగతాదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ చేయడం మంచిది. పాత బ్యాకప్ నుంచి యాప్‌లను తెచ్చుకోకుండా, అధికారిక స్టోర్ నుంచి ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టుకోండి. ఈలోగా మీ పేరుతో లింకులు వెళ్లి ఉండవచ్చు కాబట్టి, పరిచయస్తులకు స్వయంగా ఫోన్ చేసి వాటిని తెరవవద్దని చెప్పండి.