క్రూగర్ అడవిలో సొంతంగా కారు నడపబోయే కుటుంబాలకు

దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో కాపురం ఉంటున్న తెలుగువారి ఇంటికి ఫిబ్రవరి నుంచే ఫోన్లు మొదలవుతాయి. "పిల్లలకు సెలవులు ఇస్తున్నారు, క్రూగర్ చూద్దామని ఉంది, కారు మేమే నడుపుకుంటాం" అని. మంచి ఆలోచనే. మన ఎండాకాలం సెలవులు అక్కడ చలికాలం. వానలు వెనకబట్టి, గడ్డి ఎండి, జంతువులు నీళ్లున్న చోటికే చేరే రోజులవి. దోమలూ తగ్గుముఖం పడతాయి. పైగా అక్కడ కూడా రోడ్డుకు ఎడమ వైపునే నడపాలి, స్టీరింగు కుడి వైపునే ఉంటుంది. ఇన్ని కలిసొచ్చేసరికి ఇదేదో నల్లమల రోడ్డు మీద వెళ్లొచ్చినట్టే ఉంటుందని అనుకుంటారు. అక్కడే నాకు గుబులు.

క్రూగర్ దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల అడవి. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 350 కిలోమీటర్ల పొడవు. 1926లో జాతీయ పార్కు అయింది, మరుసటి ఏడాదే పర్యాటకుల కార్లు లోపలికి రావడం మొదలైంది. జీపు అక్కర్లేదు, మామూలు అద్దె కారుతోనే తిరగవచ్చు. ఆ సౌకర్యంలోనే చిక్కుంది. పక్కన గైడు ఉండడు. ఏనుగు చెవులు విప్పితే ఏమి చేయాలో చెప్పేవారు కారులో ఎవరూ ఉండరు. ఫోను చేసిన ప్రతివారూ సింహం గురించే అడుగుతారు. నేను భయపడేది ఏనుగుకూ, గేటు మూసే వేళకూ. సింహం ఆ తర్వాతే.

ముందు కాగితాల సంగతి. మన దేశం నుంచి దక్షిణాఫ్రికాకు నేరుగా విమానం లేదు. చాలామంది నైరోబీ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో వస్తారు. ఆ దేశాలు ఎల్లో ఫీవర్ జాబితాలో ఉన్నాయి. అక్కడ 12 గంటలు మించి ఆగితే టీకా ధ్రువపత్రం అడుగుతారు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది, కాబట్టి ప్రయాణానికి రెండు రోజుల ముందు గుర్తుకొస్తే లాభం లేదు. తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలోనూ అడుగుతారు. పిల్లల జనన ధ్రువపత్రాలు చేతి సంచిలో ఉంచుకోండి. తల్లిదండ్రుల్లో ఒకరే వస్తుంటే రెండో వారి అంగీకార పత్రం కూడా ఉండాలి. ఇంగ్లీషులో, ఫొటోతో, సంతకంతో ఉన్న మన లైసెన్సు చెల్లుతుంది. అయినా అద్దె కార్ల వారితో వాదన ఎందుకు, ఆర్టీవో కార్యాలయంలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుంటే ఏడాదిపాటు పనికొస్తుంది. ఇక పచ్చళ్లు. ఆవకాయ, గోంగూర తెచ్చుకోండి, అడిగితే దాచకుండా చూపించండి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, తేనె మాత్రం వద్దు. జంతు ఉత్పత్తులకు దిగుమతి అనుమతి ఉండాలి, లేకపోతే అక్కడే పారేయిస్తారు.

జొహానెస్‌బర్గ్ విమానాశ్రయం నుంచి పార్కు దక్షిణపు గేట్లకు సుమారు 400 కిలోమీటర్లు, అయిదు గంటలు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి, దిగిన వెంటనే స్టీరింగు పట్టుకోవద్దు. ఒక పూట నిద్రపోయి, మర్నాడు తెల్లవారాక బయలుదేరండి. దారి ఎవరినైనా అడిగితే "రెండో రోబో దగ్గర ఎడమకు తిరగండి" అంటారు, కంగారు పడకండి. అక్కడ ట్రాఫిక్ సిగ్నల్‌ను రోబో అంటారు. చీకటి పడ్డాక ఈ రోడ్ల మీద ఉండకూడదు. గుంతలు, పశువులు, దారిదోపిడీలు, మూడూ ఉన్నాయి. 2022 అక్టోబరులో నంబి గేటుకు వెళ్లే రోడ్డు మీద దోపిడీదారులు ఒక జర్మన్ పర్యాటకుడిని కాల్చి చంపారు. మ్యాపులో దగ్గరి దారి అని చూపించినా నంబి వైపు వెళ్లవద్దని నేను అందరికీ చెబుతాను. మలెలానే, క్రొకొడైల్ బ్రిడ్జ్ గేట్లు పెద్ద రహదారికి దగ్గర, అవి చాలు.

కారు తీసుకునేటప్పుడు డిక్కీ తెరిపించి స్టెప్నీ చూడండి. కొన్ని కార్లలో చక్రం బదులు గాలి కొట్టే డబ్బా మాత్రమే ఉంటుంది, కంకర రోడ్డు మీద టైరు చీలితే అది దేనికీ రాదు. బీమాలో టైర్లు, అద్దాలు, జంతువుల వల్ల జరిగే నష్టం కలిశాయా లేదా అడగండి. మూడేళ్ల లోపు పిల్లలకు అక్కడి చట్టం ప్రకారం ప్రత్యేకమైన సీటు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి, కిటికీల మీట డ్రైవరు చేతిలో ఉండేలా చూసుకోవడం. ఇది పార్కు గేటు దగ్గర కాదు, విమానాశ్రయంలో తాళం చేతికి వచ్చిన క్షణంలోనే చేయాలి.

ఇప్పుడు వేళ సంగతి. మే, జూన్, జూలై నెలల్లో గేట్లు ఉదయం 6 గంటలకు తెరిచి సాయంత్రం 5:30కు మూస్తారు. ఆ వేళకు మీరు క్యాంపు (పార్కులో రాత్రి బస చేసే, కంచె ఉన్న చోటు) లోపలో, పార్కు బయటో ఉండాలి. ఆలస్యమైతే జరిమానా. జరిమానాదేముంది, కట్టేస్తాం అంటారు మనవారు. ఆలస్యమైందని తెలిసిన డ్రైవరు చేసే పనే అసలు ప్రమాదం. తారు రోడ్డు మీద గంటకు 50, కంకర రోడ్డు మీద 40 కిలోమీటర్లు పరిమితి. పోలీసులు స్పీడు గన్నులతో కాపు కాస్తారు. మునిమాపు వేళ ఇంపాలా జింకలు ఒకటి దాటితే వెనకే పది దాటుతాయి. పొద్దు వాలి ఎదురెండ కళ్లలో పడుతుంటే రోడ్డు మీది ఏనుగు కూడా చెట్టు నీడలా కనిపిస్తుంది.

కాబట్టి మ్యాపు చూపించే సమయాన్ని నమ్మకండి. స్కుకుజా క్యాంపు నుంచి లోయర్ సాబీ క్యాంపుకు 46 కిలోమీటర్లు, మన లెక్కలో గంట కూడా పట్టదు. సాబీ నది పక్కన సాగే ఆ రోడ్డు మీద ఆగుతూ చూస్తూ వెళితే రెండు, రెండున్నర గంటలు పడుతుంది. చిరుత కనిపించిందంటే కార్లన్నీ అడ్డదిడ్డంగా ఆగి, మీ కారు మధ్యలో ఇరుక్కుంటే మరో అరగంట. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున లెక్క వేయండి. మధ్యాహ్నం మూడింటికి ఎక్కడున్నా సరే, కారు ముఖం క్యాంపు వైపు తిప్పాలి. ఇంకా ఏమీ కనపడలేదని పిల్లలు ఏడ్చినా తిప్పాల్సిందే. తిరుగు దారిలోనే సింహాలు కనిపించిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

ఏనుగు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఊరేగింపులో పట్టువస్త్రం కప్పుకుని నడిచే ఏనుగును చూసి పెరిగినవాళ్లం. దానికి అరటిపండు పెట్టి, తొండంతో దీవెన తీసుకున్న అలవాటు. ఆ చనువు ఇక్కడ కొంప ముంచుతుంది. దంతాలు చూసి మగదని గుర్తుపట్టే అలవాటు కూడా పనికిరాదు, ఆఫ్రికాలో ఆడ ఏనుగులకూ దంతాలుంటాయి. పక్క నుంచి చూసినప్పుడు నుదురు గుండ్రంగా ఉంటే మగది, కోణం తిరిగినట్టుంటే ఆడది.

పద్యాల్లో మదగజం అని చదువుకున్నామే, అది అక్కడ రోడ్డు మీదే ఎదురవుతుంది. కంటికీ చెవికీ నడుమ నుంచి నల్లటి తడి చార కిందికి కారుతుంటుంది. ఆ ఒక్కటే చూసి నిర్ణయించలేం, ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికీ అది కారుతుంది. దానితోపాటు వెనక కాళ్ల లోపలి వైపు మూత్రం చుక్కలు చుక్కలుగా కారి తడిసి ఉంటే ఆ మగ ఏనుగు మదంలో ఉన్నట్టే. దాన్ని చూడటానికి ఆగకూడదు. 2013 డిసెంబరు చివర్లో క్రూగర్‌లోనే మదంలో ఉన్న మగ ఏనుగు ఒకటి పర్యాటకుల కారును పల్టీ కొట్టించింది. లోపలి మహిళ తీవ్రంగా గాయపడి బతికింది. ఏనుగును అధికారులు చంపాల్సి వచ్చింది.

మూడేళ్ల కిందట మా బాబాయి, పిన్ని, వాళ్ల ఇద్దరు మనవలతో స్కుకుజా అవతల ఒక కంకర రోడ్డు మీద వెళుతున్నాం. మలుపు తిరగగానే ఒంటరి మగ ఏనుగు రోడ్డు నడిమధ్యన మా వైపే నడిచి వస్తోంది. వంద గజాలు కూడా లేదు. పిన్ని చేతులు జోడించింది. "గణపతి స్వామి ఎదురొచ్చాడురా, ఒక్క నిమిషం ఆగు" అన్నాడు బాబాయి ఫోను పైకెత్తుతూ. నేను రివర్స్ గేరు వేశాను. అంతలో వెనక మరో కారు వచ్చి ఆగింది. హారన్ కొడితే ఏనుగుకు కోపం, కిందికి దిగే వీలు లేదు. నాలుగు వైపులా మిణికే లైట్లు వేసి, కొంచెం కొంచెంగా వెనక్కి జరిగాను. వెనక కారు నడిపే ఆయనకు అర్థమై ఆయనా వెనక్కి కదిలాడు. రెండు కార్లూ అలా మూడు వందల మీటర్లు వెనక్కి నడిచాక, పక్కకు తప్పుకునే చోటు దొరికింది. ఏనుగు తన నడక మార్చలేదు. మమ్మల్ని చూసిందో లేదో కూడా తెలియదు. అది దాటిపోయాక, మూసిన కిటికీల్లోంచి కూడా మేకపోతు కొట్టం లాంటి ఘాటు వాసన లోపలికి వచ్చింది. బాబాయి ఫోనులో ఒక్క ఫొటో కూడా లేదు.

అందుకే బయలుదేరే ముందు రోజు ఏదైనా ఖాళీ స్థలంలో రెండు వందల మీటర్లు వెనక్కి నడపడం సాధన చేయండి. నవ్వుకోవద్దు. పార్కింగులో వెనక్కి తీయడం వేరు, చేతులు వణుకుతుంటే మలుపు తిరుగుతూ వెనక్కి నడపడం వేరు. ఏనుగులకు కనీసం 50 మీటర్లు దూరం ఇవ్వండి, తల్లికీ పిల్లకూ మధ్యలోకి కారు పోనివ్వకండి. తల విదిలించినా, చెవులు విప్పి మీ వైపు తిరిగి నిలబడినా అది "చాలు, వెళ్లండి" అనడమే. అది ఉత్తుత్తి బెదిరింపా, నిజమైన దాడా అని తేల్చుకోవడం మన పని కాదు.

కిటికీల గురించి. కారు మూసి ఉన్నంతసేపే సింహానికి మనమంటే ఆసక్తి ఉండదు. చెయ్యి, తల, ఫోను బయటికి పెట్టామా, ఆ లెక్క మారిపోతుంది. జొహానెస్‌బర్గ్ దగ్గర ఒక సింహాల పార్కులో 2015లో తెరిచిన కారు కిటికీలోంచే సింహం ఒక పర్యాటకురాలిని చంపింది. పైకప్పు అద్దంలోంచి పిల్లలను నిలబెట్టడం క్రూగర్‌లో నేరం కూడా. క్యాంపులు, పిక్నిక్ స్థలాలు, బోర్డు పెట్టిన కొన్ని చోట్లు తప్ప ఎక్కడా కాలు కింద పెట్టకూడదు. అంటే పిల్లల మూత్రం సంగతి ముందే ఆలోచించాలి. గేటు దాటే ముందు ఒకసారి అందరూ వెళ్లి రావాలి, కారులో మూత ఉన్న పెద్ద సీసా ఉండాలి. "ఎవరూ లేరులే, చెట్టు చాటున రెండు నిమిషాలు" అనే మాట నా కారులో మాత్రం చెల్లదు. గడ్డిలో పడుకున్న సింహం పది అడుగుల దూరంలో ఉన్నా కనపడదు.

స్కుకుజాకూ లోయర్ సాబీకీ మధ్య నది ఒడ్డున ఎన్‌కుహ్లు అనే పిక్నిక్ స్థలం ఉంది. చల్లని నీడ, బల్లలు, మరుగుదొడ్లు. అక్కడి బబూన్లు, కోతులు మన కొండల మీది కోతులకు పెద్దన్నలు. ఓసారి మా ఆవిడ పులిహోర డబ్బా మూత తీసి పక్కకు చూసేలోగా బబూన్ బల్ల మీదికి దూకింది. డబ్బా లాక్కునేందుకు బావమరిది చెయ్యి చాచాడు. అది పళ్లు చూపించింది. ఆ కోరలు చూశాక ఆయన చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. పులిహోర పోతే పోనివ్వండి. ఒకరు తింటుంటే ఒకరు కాపలా కాయాలి, పిల్లల చేతుల్లో అరటిపళ్లు పెట్టకూడదు, కారు తలుపులు తెరిచి ఉంచకూడదు. జాలిపడి ఒక్క ముద్ద కూడా వేయవద్దు. మనుషుల తిండికి అలవాటుపడి మీద పడే జంతువును చివరికి కాల్చేస్తారు.

క్యాంపు చుట్టూ కంచె ఉంటుంది, అయినా చీకట్లో టార్చి లేకుండా నడవకండి. పాములకు, తేళ్లకు కంచె లెక్కలేదు. బూట్లు ఉదయం దులిపి తొడుక్కోండి. చాలా క్యాంపుల్లో వంటగది వరండాలోనే ఉంటుంది, ఫ్రిజ్ గడియ మర్చిపోతే రాత్రికి జంతువులు ఖాళీ చేసేస్తాయి. కంచె అవతల తిరిగే హైనాకు ఎముకలు విసిరే పని మీ పిల్లలు చేయకుండా చూడండి. గడ్డిలో నడిచి వస్తే సాయంత్రం స్నానం చేయించేటప్పుడు చంకలు, మోకాళ్ల వెనక భాగం, తల వెంట్రుకల్లో పిడుదులు ఉన్నాయేమో వెతకండి. మన పశువులకు పట్టే గోమార్ల లాంటివే. అవి కుట్టిన చోట నల్లటి పుండు కట్టి, జ్వరం వస్తే వైద్యుడికి చూపించాలి.

జూన్ ఉదయాలు బాగా చలిగా ఉంటాయి, ఆఫ్రికా కదా అని పలచటి చొక్కాలతో రావద్దు. డిసెంబరు, జనవరిలో వచ్చేవారికి లెక్కే వేరు. ఎండ మండుతుంది, గడ్డి ఏపుగా పెరిగి జంతువులు కనపడవు, వాగులు పొంగుతాయి. 2000 ఫిబ్రవరి వరదల్లో స్కుకుజా క్యాంపే నీట మునిగింది. లోతట్టు వంతెన మీద నీళ్లు పారుతుంటే వెనక్కి తిరగడమే.

కారు ఆగిపోతే లోపలే ఉండండి. గేటు దగ్గర ఇచ్చే కాగితం మీద అత్యవసర నంబరు ఉంటుంది, దాన్ని ఫోనులోనే కాక కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. క్యాంపులు దాటితే సిగ్నల్ వస్తుందన్న నమ్మకం లేదు. అటుగా వచ్చే కారును ఆపి కబురు పంపడమే అప్పటి దారి. అయిదు లీటర్ల నీళ్లు, బిస్కెట్లు, కావాల్సిన మందులు డిక్కీలో కాదు, సీట్ల దగ్గర పెట్టుకోవాలి. డిక్కీ తీయడానికి కిందికి దిగాలి కదా.

ఇక మలేరియా. క్రూగర్ మలేరియా ప్రాంతం, చలికాలంలో ముప్పు తక్కువ, సున్నా కాదు. వచ్చే ముందు వైద్యుడిని కలిసి, పిల్లల బరువు చెప్పి మాత్రలు అడగండి. కొన్ని మాత్రలు చిన్నపిల్లలకు పనికిరావు, కొన్నిటిని తిరిగి వచ్చాక కూడా వారమో నాలుగు వారాలో వేసుకోవాలి. మధ్యలో మానేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. ఆ దోమ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కుడుతుంది, కాబట్టి పొద్దు వాలగానే పొడుగు చేతుల చొక్కాలు, సాక్సులు, ఒంటికి దోమల మందు. ఇంటికి చేరిన తర్వాత నెల లోపు ఎవరికి జ్వరం వచ్చినా, డెంగీనో వైరలో అని రెండు రోజులు చూడకండి. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం అనే మలేరియా రకం, రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. ఆసుపత్రికి వెళ్లి, మొదటి మాటగా "దక్షిణాఫ్రికా అడవికి వెళ్లి వచ్చాం, మలేరియా పరీక్ష చేయండి" అని చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగవద్దు.