అలాయ్ వీల్స్‌కు పౌడర్ కోటింగ్ చేయించే ముందు

వానలు మొదలయ్యేలోపు వీల్స్‌కు పౌడర్ కోటింగ్‌తో, అంటే పొడి రంగు చల్లి ఓవెన్ వేడికి గట్టిపరిచే పద్ధతిలో, కొత్త రంగు వేయిస్తున్నారా? సరిగ్గా చేస్తే భయం లేదు. ఇవి మాత్రం చూసుకోండి.

- పాత పెయింట్‌ను ఓవెన్‌లో కాల్చి తీస్తామంటే ఒప్పుకోవద్దు. పౌడర్ గట్టిపడటానికి సాధారణంగా 180–200 డిగ్రీల సెల్సియస్ చాలు. అంతకంటే బాగా ఎక్కువ వేడి తగిలితే అల్యూమినియం బలం తగ్గిపోతుంది. పైకి మాత్రం మెరుస్తూనే ఉంటుంది, గుంతలో పడ్డ రోజు తెలుస్తుంది. కెమికల్‌తోనే తీయించండి.

- పెయింట్ తీశాక పగుళ్లున్నాయేమో దగ్గరుండి చూడండి. కోటింగ్ పడ్డాక కనిపించవు.

- నట్లు కూర్చునే చోట, హబ్‌కు (బండికి వీల్‌ను బిగించే భాగానికి) ఆనే చోట పౌడర్ పడకూడదు. ఆ పొర నలిగితే నట్లు వదులవుతాయి.

- టైర్ ప్రెజర్ సెన్సర్లు, వాల్వులు ముందే తీయించండి. వేడికి పాడవుతాయి.

- బిగించాక 100 కిలోమీటర్లలోపు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు ఉందో కొలిచే పానాతో) నట్ల బిగువు మళ్లీ చూపించండి.