స్టేషన్ నిండా జనం, రైలు మాత్రం రాదు: సిటీస్ స్కైలైన్స్‌లో రవాణా సమస్యలు, పరిష్కారాలు

2015లో వచ్చిన, ఊరు కట్టి నడిపే కంప్యూటర్ ఆట సిటీస్: స్కైలైన్స్ మొదటి భాగం ఆడేవాళ్లు ఎవరైనా సేవ్ ఫైల్ పంపి "మా ఊళ్లో బస్సులూ రైళ్లూ సరిగా నడవట్లేదు, కాస్త చూడండి" అంటే నేను మొదట చేసే పని ఒక్కటే. ఆగిపోయిన బండి మీద క్లిక్ చేస్తాను. అడిగినవాళ్లలో చాలామంది అది తప్ప అన్నీ చేసి ఉంటారు. లైన్లు చెరిపి మళ్లీ గీస్తారు, బడ్జెట్ 150 శాతానికి లాగుతారు, స్టేషన్ కూల్చేసి పక్కన ఇంకోటి కడతారు. ఆ ఆగిన బండి ఎవరిది, ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది అన్నది మాత్రం చూడరు. దయచేసి ముందు అది చూడండి. కింద రాసిన దాంట్లో సగం మీకు అక్కర్లేకుండా పోతుంది.

రోడ్లు వేయడం, లైన్ గీయడం మీకు వచ్చుననే అనుకుంటున్నాను. 2023లో వచ్చిన రెండో భాగం లోపల నడిచే తీరు వేరు, ఇక్కడి మాటలు దానికి పనికిరావు.

లైన్ గీశాను, ఒక్క బండి కూడా బయల్దేరలేదు

చివరి స్టాప్ తర్వాత మళ్లీ మొదటి స్టాప్ మీద నొక్కి లైన్‌ను మూశారా? మూయని లైన్ లైనే కాదు. బస్సుకైతే డిపో ఉందా, ఆ డిపో ముందు రోడ్డు నుంచి మీ స్టాప్ దాకా దారి ఉందా? మధ్యలో ఎక్కడో వన్‌వే ఎదురు దిక్కులో పడి ఉంటే బస్సు డిపో గేటు దాటదు. ట్రామ్‌కైతే డిపో ముందు కూడా ట్రామ్ పట్టాలే ఉండాలి. మామూలు రోడ్డు మీద డిపో కట్టి, పట్టాలు రెండు వీధుల అవతల మొదలుపెట్టినవాళ్లను చాలామందిని చూశాను. డిపోకు, స్టేషన్‌కు కరెంటు ఉందా? నాలుగోది, లైన్ ప్యానెల్‌లో పగలా, రాత్రా, రెండూనా అన్న బటన్ ఎక్కడుంది?

ఈ నాలుగూ చూడటానికి ఒక్క నిమిషం పట్టదు. నాలుగూ చూశాకే ఇంకేదైనా చేయండి.

రాత్రయితే బండ్లు తగ్గిపోతున్నాయి

బడ్జెట్‌లో పగటికి ఒక స్లైడర్, రాత్రికి ఒక స్లైడర్ ఉంటాయి. డబ్బు కరువైన రోజుల్లో రాత్రిది 50కి దించి మరిచిపోయారు. పైకి జరపండి. అంతే.

బస్ స్టాప్‌లో మూడు వందల మంది, ఎన్ని బస్సులు వచ్చినా తగ్గరు

ఇది లెక్క తప్పడం వల్ల వచ్చేది. మామూలు బస్సులో 30 మంది పడతారు. ట్రామ్‌లో 90, మెట్రోలో 180, ప్యాసింజర్ రైల్లో 240. మెట్రో స్టేషన్ ముందు ఒకే ఒక్క బస్ లైన్ పెట్టారంటే, నిండా వచ్చిన ఒక్క మెట్రో రైలు దించే జనానికి ఆరు బస్సులు కావాలి. రెండో రైలు వచ్చేసరికి మొదటి రైలు జనమే ఇంకా అక్కడ నిలబడి ఉంటారు.

చాలామంది ఇక్కడ లైన్‌ను ఇంకా పొడిగిస్తారు. పొడవు పెరిగితే ఆట కొన్ని బస్సులు ఎక్కువ ఇస్తుంది, నిజమే. కానీ ఆ బస్సులు ఊరంతా తిరిగి ఎప్పటికో గానీ మీ స్టేషన్‌కు తిరిగి రావు. పొడిగించకండి, విడగొట్టండి. స్టేషన్ నుంచి మూడు నాలుగు వైపులకు మూడు నాలుగు పొట్టి లైన్లు, ఒక్కోదానికి వేరే స్టాప్. అప్పటికీ చాలకపోతే ఎక్కువ రద్దీ ఉన్న వైపు ట్రామ్ వేయండి. లైన్ ప్యానెల్‌లో బండ్ల సంఖ్య పెంచే స్లైడర్ ఉంది, దాన్ని చివర వాడండి. ఇరుకు వీధిలో బస్సులు పెంచితే ఆ బస్సులే జామ్ అవుతాయి.

లైన్ బాగానే నడుస్తోంది, ఎక్కేవాళ్లే లేరు

ఇళ్ల నుంచి ఇళ్లకు గీశారు. మీ జనానికి కావాల్సినవి పని, బడి, అంగడి, పార్కు. లైన్‌కు ఒక చివర ఇళ్లుంటే రెండో చివర ఆఫీసులో, ఫ్యాక్టరీలో, దుకాణాలో ఉండాలి. ఇంకో తప్పు ఒకే దిక్కుగా తిరిగే పెద్ద చక్రం. పక్క స్టాప్‌కు పోవాలంటే ఊరంతా చుట్టి రావాల్సినప్పుడు ఎవరెక్కుతారు? నడిచిపోతారు, లేదంటే కారు తీస్తారు. వెళ్లే దారీ వచ్చే దారీ ఒకటే ఉండేలా గీయండి.

రైళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి

దీని గురించే ఇదంతా రాయాలనుకున్నాను.

ఎలా కనిపిస్తుందంటే: పెద్ద స్టేషన్‌లో ఐదారు వందల మంది ఎదురుచూస్తుంటారు. బయట పట్టాల మీద రైళ్లు బారుగా నిలబడి ఉంటాయి. ప్లాట్‌ఫాం ఖాళీ అయినప్పుడల్లా ఒక రైలు లోపలికి వస్తుంది, కొందరిని ఎక్కించుకుని పోతుంది, కానీ ఎదురుచూసేవాళ్ల సంఖ్య తగ్గదు. చూసిన ఎవరికైనా "జనం ఎక్కువ, రైళ్లు చాలట్లేదు" అనే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. మూడు రాత్రులు పోయాయి. మొదట రైళ్లు పెంచాను, బారు ఇంకా పొడుగైంది. ఎక్కువ ప్లాట్‌ఫాంల స్టేషన్ కట్టాను, రెండు రోజులు బాగుండి మళ్లీ అదే గతి. చివరికి విసిగి, వేగం తగ్గించి, బారులో ఉన్న రైళ్ల మీద ఒక్కొక్కటిగా క్లిక్ చేసుకుంటూ పోయాను. వాటిలో ముప్పాతిక భాగం నావి కావు.

బయటి ఊళ్ల రైళ్లు అవి. మీ పట్టాలు మ్యాప్ అంచున బయటి రైలు మార్గానికి కలిసి ఉండి, స్టేషన్‌లో అంతర్‌నగర రైళ్లకు అనుమతి టిక్ పడి ఉంటే చాలు, మీరు ఒక్క లైన్ గీయకపోయినా ఆ స్టేషన్‌కు అవతలి నుంచి రైళ్లు వస్తూనే ఉంటాయి. ఒక్కో రైల్లో తరచూ నలుగురైదుగురే ఉంటారు. కానీ నలుగురున్నా రెండు వందల నలభై మంది ఉన్నా రైలు పొడవు ఒకటే, ప్లాట్‌ఫాం మీద ఆక్రమించే చోటు ఒకటే. మీ లైన్ జాబితాలో అవి కనిపించవు. బండ్ల స్లైడర్‌కు లొంగవు. ఊరి లోపల నాలుగు స్టేషన్లలో టిక్ ఉంటే నాలుగింటికీ విడివిడిగా వస్తాయి. అందుకే స్టేషన్లు పెంచేకొద్దీ జబ్బు ముదురుతుంది.

సరుకు రైళ్లదీ ఇదే కథ. ఊరి లోపల సరుకు స్టేషన్ కట్టి దాన్ని ప్రయాణికుల పట్టాలకే కలిపితే, బయటి నుంచి దిగుమతులు మోసుకొచ్చే రైళ్లు అదే దారిలో వచ్చి నిలబడతాయి. రెండు సరుకు స్టేషన్లుంటే వాటి మధ్య కూడా తిరుగుతాయి.

హైదరాబాద్ రైళ్లు ఎక్కినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 2003లో మొదలైన లోకల్ రైలు ఎంఎంటీఎస్, ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్స్ రైళ్లూ నడిచే పట్టాల మీదే నడుస్తుంది. 2017లో మొదలైన మెట్రో తన స్తంభాల మీద తన పట్టాలపైనే పోతుంది, దాని దారిలోకి ఇంకో రైలు రాదు. మీరు ఊరి లోపలి లైన్‌ను ఈ రెంటిలో దేనిలా కడుతున్నారో పట్టాలు వేసేముందే తేల్చుకోవాలి.

నిర్ధారణ ఎలా? బారులో పది రైళ్ల మీద క్లిక్ చేయండి. మీ లైన్ రైళ్లకు మీరిచ్చిన రంగూ లైన్ పేరూ ఉంటాయి. అవి లేనివి లెక్కపెట్టండి. పదిలో నాలుగు దాటితే కారణం ఇదే, ఇంకెక్కడా వెతకకండి. రాకపోకల దారులు చూపించే వ్యూ తెరిచి, స్టేషన్ ముందున్న పట్టా మీద నొక్కితే మ్యాప్ అంచు నుంచి సాగే గీతలు కూడా కనిపిస్తాయి.

ఇప్పుడు మందు, ఈ వరసలోనే.

ఊరి లోపలి ప్రతి రైలు స్టేషన్ మీదా నొక్కి, అంతర్‌నగర రైళ్ల టిక్ తీసేయండి. ఒక్కటి కూడా వదలకుండా చూడండి. సరిగ్గా ఆ వదిలిన దానికే మొత్తం బారు మళ్లుతుంది. తీసిన మరుక్షణం ఏమీ మారదు. అప్పటికే బయల్దేరిన రైళ్లు వచ్చి పోవాలి. కాసేపు ఆటను నడవనివ్వండి. చాలామంది ఇక్కడే "పనిచేయలేదు" అనుకుని మళ్లీ కూల్చడం మొదలుపెడతారు.

జంక్షన్‌లో రైళ్లు ఒకదాన్నొకటి అడ్డుకుని అసలు కదలకపోతే, ఆటను ఆపి, సేవ్ చేసుకుని, అవి నిలబడ్డ చోట చిన్న పట్టా ముక్క తీసి మళ్లీ వేయండి. స్టేషన్ లోపలి పట్టాల జోలికి పోకండి, స్టాప్‌లు పోతాయి.

తర్వాత ఊరి అంచున, బయటి మార్గం మీదే, ఒక టెర్మినల్ కట్టండి. టిక్ దానికొక్కదానికే. అక్కడి నుంచి ఊళ్లోకి మెట్రో వేయండి. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ స్టేషన్ల మీద ఒత్తిడి తగ్గించడానికి హైదరాబాద్‌లో నిజంగానే ఇలా అంచున టెర్మినల్ కట్టారు. తూర్పు అంచున చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమైంది. టిక్ అన్నిచోట్లా తీసేసి ఊరుకుంటే బారు పోతుంది గానీ, రైల్లో వచ్చే పర్యాటకులు కూడా పోతారు. అందుకే టెర్మినల్ కావాలి.

చివరిగా, లోపలి పట్టాలకూ బయటి మార్గానికీ మధ్య ఉన్న లింకును తెంచేయండి. మీ లైన్ రైళ్లు స్టేషన్ల నుంచే పుడతాయి, వాటికి బయటి లింకు అక్కర్లేదు. సరుకు స్టేషన్‌కు బయటి మార్గం నుంచి విడిగా ఒక పాయ వేయండి. స్థలం లేక తెంచలేకపోతే కనీసం రెండు పనులు చేయండి: పట్టాలు అడ్డంగా దాటే చోట ఒకదాన్ని వంతెన మీదకు ఎత్తండి; జంక్షన్‌కూ స్టేషన్‌కూ మధ్య ఒక పూర్తి రైలు పట్టేంత దూరం వదలండి. ఆగి ఉన్న రైలు తోక జంక్షన్ మీద పడితే, దానితో ఏ సంబంధమూ లేని లైన్ కూడా ఆగిపోతుంది. ఈ దూరం వదలకపోవడం వల్ల చెడిన ఊళ్లు నేను చూసిన వాటిలో సగానికి పైనే ఉన్నాయి.

ఇంకో మాట, ప్లాట్‌ఫాం గురించి. స్టాప్ పెట్టేటప్పుడు రైలు మామూలుగా వచ్చే వైపు ప్లాట్‌ఫాం మీదే పెట్టండి. ఎదుటి వైపు పెడితే రైలు స్టేషన్ ముందు అడ్డంగా దాటి అవతలి పట్టాకు వెళ్లాలి, దాటినంతసేపూ ఎదురు వచ్చేవి ఆగాలి. కొత్త ఆటలో ఎడమవైపు రాకపోకలు ఎంచుకుని, వీడియోల్లోని కుడివైపు ఊళ్లను చూసి కట్టేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. వీడియో పక్కన పెట్టి, మీ ఊళ్లో రైలు ఏ వైపు వస్తోందో చూసుకోండి. ఒక పట్టాకు ఒక లైన్, రెండు లైన్లు ఒకే పట్టా మీద ఆపకండి.

సన్‌సెట్ హార్బర్ (ఆటకు విడిగా కొనుక్కునే ప్యాక్) ఉన్నవాళ్లకు బయటి ఊళ్ల బస్సులు కూడా వస్తాయి. ఊరి నడిబొడ్డున ఇంటర్‌సిటీ బస్ టెర్మినల్ కట్టి, హైవే నుంచి అక్కడిదాకా ఒకే రోడ్డు ఉంచితే రైళ్లకు జరిగిందే రోడ్డు మీదా జరుగుతుంది. దాన్నీ అంచునే కట్టండి.

బస్సులు గుంపుగా వస్తున్నాయి

ఏదో ఒక కూడలి దగ్గర ఇరుక్కుని అన్నీ ఒకేసారి బయటపడుతున్నాయి. ఆ కూడలి వెతకండి. దారులు చూపే వ్యూలోనే జంక్షన్ల ట్యాబ్ ఉంది, పెద్ద రోడ్డును చిన్న సందు దాటే చోట సిగ్నల్ తీసేయండి. ఆఫ్టర్ డార్క్ ప్యాక్ ఉంటే బస్ లేన్ రోడ్డు వేయండి.

ఇవేవీ కాకపోతే

ఆటలో లైన్లకు 256, కదిలే వాహనాలకు 16,384 పరిమితి ఉంది. చాలా పెద్ద ఊరైతే తప్ప అక్కడిదాకా పోరు. పాత మాడ్ (ఆటగాళ్లు ఆటకు చేసి పెట్టే మార్పు) ఏదో చెడి ఉండొచ్చు. మాడ్లన్నీ ఆపి, సేవ్ కాపీ ఒకటి తెరిచి చూడండి. ఈ రెండూ నేను నిజంగా చూసిన సందర్భాలు చాలా తక్కువ. వీటి దాకా వచ్చారంటే, వెనక్కి వెళ్లి ఆ బారులోని పది రైళ్ల మీద ఇంకోసారి క్లిక్ చేసి రండి.