పిల్లల బెంగకి పుస్తకం: ఎప్పుడు తీయాలి, ఏం అడగాలి

పిల్లాడు చీకటంటే భయపడితే మన నోట్లోంచి వెంటనే వచ్చే మాట "అక్కడేం లేదురా". వాడికేమో అక్కడ ఏదో ఉంది, కాబట్టి ఇక మనతో ఆ మాట ఎత్తడు. అదే భయం పుస్తకంలో ఓ కుందేలు పిల్లకి ఉంటే బోలెడు కబుర్లు చెప్తాడు, ఎందుకంటే ఆ గొడవ కుందేలుది, తనది కాదు. కథ చేసే మేలంతా ఆ చాటులోనే ఉంది. ఇలా పుస్తకంతో మనసుకి సాయం చేయడానికి బిబ్లియోథెరపీ అని 1916లోనే పేరు పెట్టారు. పేరు బరువుగా ఉంది గానీ ఇంట్లో చేయడానికి డిగ్రీలేం అక్కర్లేదు.

పుస్తకాన్ని ముందు మీరొక్కరే చివరిదాకా చదవండి. చివరి పేజీలో బాధంతా మంత్రం వేసినట్టు మాయమయ్యేవీ, ఏడ్చిన పిల్లని వెక్కిరించేవీ పక్కన పడేయండి. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు "నిద్రపోయారు, దూరం వెళ్లారు" అని చెప్పే కథలైతే అసలు వద్దు, కొంతమంది పిల్లలకి ఆ తర్వాత పడుకోవాలంటేనే భయం పట్టుకుంటుంది. చనిపోయారు అని మెల్లగా, సూటిగా చెప్పే పుస్తకమే మంచిది. ఆ మాట మన నోట రానప్పుడు పుస్తకం చెప్పేస్తుంది, పెద్దవాళ్లకి అదెంత ఊరటో చెప్పలేను.

ఏడుపు మధ్యలో మాత్రం పుస్తకం తీయకండి, క్లాసు పీకుతున్నారనుకుంటారు. ఆస్పత్రికి వెళ్లాలన్నా, చెల్లి పుట్టబోతున్నా కొన్ని రోజుల ముందు నుంచే, మనసు బాగున్నప్పుడు చదవండి.

ఇక అడగడం, అందరం తప్పు చేసేది ఇక్కడే. మా అమ్మాయి స్కూలు మారినప్పుడు ఓ ఎలుగుబంటి పిల్ల కథ చదివేవాళ్లం. అది ఒంటరిగా అన్నం డబ్బా తెరుచుకుని కూర్చున్న పేజీ మీద మా అమ్మాయి బొటనవేలు పెట్టేసి తిప్పనిచ్చేది కాదు. మొదటిరోజు నేను తెలివితక్కువగా "నీకూ అలాగే ఉందా?" అన్నాను, పుస్తకం టప్పున మూసి నీళ్లు తాగడానికి వెళ్లిపోయింది. నాలుగోరోజు "ఈ ఎలుగ్గాడు ఏం ఆలోచిస్తున్నాడంటావ్?" అన్నాను. కాసేపాగి, "ఎవరైనా జరిగి చోటిస్తారేమోనని చూస్తున్నాడు" అంది. అంతే, నేనింకేం అడగలేదు.

అవును, కాదు అని తేలిపోని ప్రశ్నలే అడగండి. చిన్నపిల్లలకి ఇలా అడుగుతూ చదివితే మాటలు పెరుగుతాయని 1988లో ఒక అధ్యయనంలో తేలింది, లోపలి మాట బయటికి రావడానికీ అదే ఉపాయం. "ఇందులో నీతి ఏంటి?" అని మాత్రం అడగొద్దు, అది పరీక్ష. ఒకే పేజీ పదిసార్లు చదవమంటే మీకు విసుగొస్తుంది, నిజమే, కానీ వాళ్లు అక్కడే ఏదో తేల్చుకుంటున్నారు, చదివేయండి.

నిద్ర, తిండి, స్కూలు వారాల తరబడి దెబ్బతింటున్నా, తనకి తాను హాని చేసుకునే మాట ఒక్కసారి వినపడినా పుస్తకాలతో సరిపెట్టకండి, డాక్టర్ దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో వెళ్లండి.

కాస్త పెద్దపిల్లలు పక్కన కూర్చోబెట్టుకుని చదివితే ఇబ్బంది పడతారు. అలాంటివాళ్లకి పుస్తకాన్ని చేతికందే చోట వదిలేసి, చదివావా అని అడక్కుండా ఉండండి. రెండోది నాకిప్పటికీ కష్టమే.