లైనక్స్ పెట్టాక విండోస్ కనిపించడం లేదా? ముందు బూట్ మోడ్ చూడండి

ఒకే హార్డ్ డిస్క్ ఉన్న పాత కంప్యూటర్. అందులో విండోస్ 7 గానీ విండోస్ 10 గానీ ఉంది. దాన్ని తీసేయకుండా పక్కనే ఉబుంటు లేదా లైనక్స్ మింట్ పెట్టారు, లేదా పెట్టబోతున్నారు. ఇది అలాంటి వారి కోసం రాస్తున్నది. పెన్ డ్రైవ్ తయారు చేయడం, బూట్ మెనూ తెరవడం, విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే సీ డ్రైవ్‌ను కుదించి ఖాళీ తీయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నారని కూడా అనుకుంటున్నాను. చేసుకోకపోతే ఇక్కడే ఆగి ఆ పని చేసి రండి.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత యంత్రాలు విండోస్ 11 అర్హతల్లోకి రావు. అందుకే ఇంటర్నెట్ పనులకు లైనక్స్, పాత సాఫ్ట్‌వేర్‌కు పాత విండోస్ అనే ఏర్పాటు చాలామందికి అవసరమైంది. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్‌లతో పని చేసే డీటీపీ వాళ్లకైతే ఆ పాత విండోసే జీవనాధారం. కంప్యూటర్ తెరవగానే వచ్చే మెనూలో దాని పేరు కనిపించకపోతే వాళ్లు కంగారుపడటంలో తప్పు లేదు. అయితే నేను చూసినంతలో డేటా పోయేది లైనక్స్ పెట్టినప్పుడు కాదు, ఆ తరువాత కంగారులో చేసే మరమ్మతుల్లో.

అందరూ దాటేసే తనిఖీ

మీ విండోస్ ఏ మోడ్‌లో బూట్ అవుతోంది? పాత బయోస్ పద్ధతి అయిన లెగసీలోనా, దాని తరువాత వచ్చిన కొత్త పద్ధతి అయిన యూఈఎఫ్ఐలోనా? సహాయం అడగడానికి వచ్చేవారు గ్రాఫిక్స్ కార్డు పేరు చెబుతారు, ర్యామ్ ఎంతో చెబుతారు, కర్నెల్ వెర్షన్ కూడా చెబుతారు. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం మౌనమే సమాధానం. చూసుకోవడానికి నిమిషం కూడా పట్టదు.

విండోస్ 10లో స్టార్ట్ మెనూలో వెతికి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. 'బయోస్ మోడ్' అనే వరుసకు ఎదురుగా లెగసీ అనో యూఈఎఫ్ఐ అనో ఉంటుంది. విండోస్ 7లో ఆ వరుస ఉండదు. అక్కడ కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'బీసీడీఎడిట్' అనే ఆదేశం ఇవ్వండి. విండోస్ లోడర్ భాగంలో 'పాత్' వరుస చివర 'విన్‌లోడ్' అనే ఫైలు పేరు కనిపిస్తుంది. దాని తోక 'ఈఎక్స్ఈ' అయితే లెగసీ, 'ఈఎఫ్ఐ' అయితే యూఈఎఫ్ఐ.

ఇక పెన్ డ్రైవ్ సంగతి. ఇన్‌స్టాల్ బటన్ నొక్కకుండా, ముందు లైవ్ డెస్క్‌టాప్‌లోకి, అంటే పెన్ డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్‌లోకి వెళ్లండి. ఫైల్ మేనేజర్‌లో రూట్ ఫోల్డర్‌కు వెళ్లి 'సిస్', అందులో 'ఫర్మ్‌వేర్' తెరవండి. లోపల 'ఈఎఫ్ఐ' అనే ఫోల్డర్ ఉంటే మీరు యూఈఎఫ్ఐలో ఉన్నారు. లేకపోతే లెగసీలో ఉన్నారు.

ఈ రెండు జవాబులూ ఒకటే కావాలి. కాకపోతే ఇన్‌స్టాల్ చేయకండి.

లక్షణం: లైనక్స్ చక్కగా వస్తోంది, మెనూలో విండోస్ లేదు

నన్ను ఎక్కువగా విసిగించిన సమస్య ఇదే. విండోస్ లెగసీలో ఉంది, లైనక్స్ యూఈఎఫ్ఐలో చేరింది. ఎవరూ కావాలని ఇలా చేయరు. ఇది మోసం చేసే తీరు తెలిస్తే తప్ప పట్టుబడదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సుమారు 2011 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన చాలా కంప్యూటర్లు రెండు మోడ్‌లనూ అర్థం చేసుకుంటాయి. విండోస్ 7 వేసిన వాటిలో ఎక్కువ భాగం లెగసీ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతి ఉన్న డిస్కు మీద ఉంటాయి. 32 బిట్ విండోస్ 7 అయితే సందేహమే అక్కర్లేదు, అది లెగసీయే. దాన్ని అప్‌గ్రేడ్ చేసి విండోస్ 10 చేసుకున్నా మోడ్ మారదు. 'నాది విండోస్ 10 కాబట్టి యూఈఎఫ్ఐయే' అనే వాదన అందుకే చెల్లదు.

ఇప్పుడు పెన్ డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరిస్తే అదే పెన్ డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, రెండోదాని ముందు ఏమీ ఉండదు. చాలామంది పైన ఉన్నదాన్ని నొక్కేస్తారు, పైన ఉండేది తరచు యూఈఎఫ్ఐదే. కొన్ని యంత్రాలు ఆ మాత్రం అవకాశం కూడా ఇవ్వవు. సెటప్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) 'రెండూ, ముందు యూఈఎఫ్ఐ' అని ఉంటే విండోస్‌ను లెగసీలోనూ, పెన్ డ్రైవ్‌ను యూఈఎఫ్ఐలోనూ చడీచప్పుడు లేకుండా తెరుస్తాయి. రోజూ విండోస్ వస్తోంది, పెన్ డ్రైవ్ కూడా వచ్చింది, ఇక అనుమానం ఎందుకు వస్తుంది?

పాత ఉబుంటు పెన్ డ్రైవ్‌లలో లెగసీకి ఒక తెర, యూఈఎఫ్ఐకి నల్లటి గ్రబ్ మెనూ వచ్చేవి. గ్రబ్ అంటే ఏ సిస్టమ్ తెరవాలో అడిగి దాన్ని మొదలుపెట్టే లైనక్స్ బూట్ లోడర్. చూడగానే తేడా తెలిసేది. 20.10 నుంచి రెండింటికీ గ్రబ్ మెనూనే వాడుతున్నారు కాబట్టి కళ్లను నమ్ముకోకుండా ఆ ఫోల్డర్ చూడండి.

ఉబుంటు, మింట్‌ల పాత ఇన్‌స్టాలర్ ఈ సందర్భంలో ఒక హెచ్చరిక చూపిస్తుంది. యంత్రం యూఈఎఫ్ఐలో మొదలైందనీ, డిస్కులో బయోస్ పద్ధతిలో పెట్టిన సిస్టమ్ ఉన్నట్టుందనీ, ముందుకు వెళితే దాన్ని తెరవడం కష్టమవుతుందనీ అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. దాన్ని చదివి వెనక్కి వెళ్లినవారిని నేను చూడలేదు. 'కంటిన్యూ' నొక్కడమే అందరికీ అలవాటు.

ఆ తరువాత ఏం జరుగుతుంది? యూఈఎఫ్ఐలో మొదలైన గ్రబ్, లెగసీ విండోస్‌ను పిలవలేదు. ఆ విండోస్ లోడర్‌కు బయోస్ సేవలు కావాలి, యూఈఎఫ్ఐలో మొదలయ్యాక అవి అందవు. బ్రాడ్ గేజ్ ఇంజన్‌ను మీటర్ గేజ్ పట్టాల మీదికి తోలమన్నట్టే. అంతేకాదు, ఇతర సిస్టమ్‌లను వెతికి మెనూలో చేర్చే 'ఓఎస్ ప్రోబర్' యూఈఎఫ్ఐలో ఉన్నప్పుడు లెగసీ విండోస్‌ను తెలిసే వదిలేస్తుంది. గ్రబ్‌ను ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా ఆ పేరు రాదు. అది చెడిపోయి కాదు, అలా రాశారు.

ఇందులో మంచి వార్త కూడా ఉంది. యూఈఎఫ్ఐ గ్రబ్ డిస్కు మొదటి సెక్టార్‌లోని విండోస్ బూట్ కోడ్ జోలికి పోదు. మీ విండోస్ ఎక్కడిదక్కడే ఉంది. సెటప్‌లోకి వెళ్లి బూట్ మోడ్‌ను లెగసీకి మార్చి చూడండి, విండోస్ నేరుగా వచ్చేస్తుంది. వస్తే రోగం ఇదేనని తేలినట్టే. ఈ పరీక్ష చేయకుండా విండోస్ సీడీ పెట్టి రిపేర్‌కు దిగకండి. లైనక్స్‌ను తీసేసి మళ్లీ అదే పెన్ డ్రైవ్‌ను అదే మోడ్‌లో తెరిచి వేయడం కూడా వృథాయే, మళ్లీ అదే ఫలితం వస్తుంది.

పరిష్కారం మూడు రకాలు. లైనక్స్‌లో ఇంకా ఏమీ దాచుకోకపోతే, పెన్ డ్రైవ్‌ను లెగసీలో తెరిచి లైనక్స్‌ను మళ్లీ వేయడమే హాయి. బూట్ లోడర్ ఎక్కడ పెట్టాలని అడిగితే పార్టిషన్ కాదు, డిస్కు మొత్తాన్ని చూపించండి. ఆ తరువాత సెటప్‌లో 'లెగసీ మాత్రమే' అని ఉంచండి. లేకపోతే పాత యూఈఎఫ్ఐ గ్రబ్ మళ్లీ ముందుకు వస్తుంది. పెన్ డ్రైవ్‌కు లెగసీ పేరు అసలు కనిపించకపోతే, పెన్ డ్రైవ్ తయారు చేసే రూఫస్ ప్రోగ్రామ్‌లో పార్టిషన్ పద్ధతి జీపీటీ (ఎంబీఆర్ తరువాత వచ్చిన కొత్త పద్ధతి) అని ఎంచుకొని ఉంటారు. ఎంబీఆర్ ఎంచుకొని మళ్లీ తయారు చేయండి.

లైనక్స్‌లో ఇప్పటికే పని మొదలుపెట్టి ఉంటే, లెగసీలో తెరిచిన లైవ్ డెస్క్‌టాప్‌లో 'బూట్ రిపేర్' అనే ఉపకరణం వాడండి. మింట్ పెన్ డ్రైవ్‌లో అది ముందే ఉంటుంది, ఉబుంటులో వేసుకోవాలి. ఇంటర్నెట్ ఉండాలి, ఎందుకంటే యూఈఎఫ్ఐ గ్రబ్ స్థానంలో బయోస్ గ్రబ్‌ను దించుకుంటుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో విడి ఈఎఫ్ఐ పార్టిషన్ అనే గుర్తు ఉంటే తీసేసి, గ్రబ్‌ను విండోస్ ఉన్న డిస్కు మీద పెట్టమనండి.

మూడోది విండోస్‌నే యూఈఎఫ్ఐలోకి మార్చడం. విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి 'ఎంబీఆర్2జీపీటీ' అనే సాధనం ఇందుకోసమే వస్తోంది. కానీ ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించినా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల మరిన్ని ముక్కలు పట్టేది) ఉన్నా అది పనిచేయదు. అంటే లైనక్స్ పెట్టకముందు చేయాల్సిన పని ఇది. విండోస్ 7లో ఆ సాధనమే లేదు.

తలకిందులైన రూపం: ఎప్పుడూ విండోసే వస్తోంది

విండోస్ యూఈఎఫ్ఐలో ఉండి, లైనక్స్ లెగసీలో పడితే కంప్యూటర్ తెరవగానే విండోసే వస్తుంది, లేదా ఇన్‌స్టాలేషన్ చివర్లో గ్రబ్ పెట్టలేకపోయానని ఆగిపోతుంది. జీపీటీ డిస్కు మీద లెగసీ గ్రబ్‌కు ప్రత్యేకంగా ఒక చిన్న బయోస్ బూట్ పార్టిషన్ కావాలి, మీ డిస్కులో అది ఉండదు. దాన్ని సృష్టించే పని పెట్టుకోకండి. పెన్ డ్రైవ్‌ను యూఈఎఫ్ఐలో తెరిచి బూట్ రిపేర్ నడపండి, లేదా మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. విండోస్ పెట్టుకున్న ఈఎఫ్ఐ పార్టిషన్‌నే లైనక్స్ కూడా పంచుకుంటుంది. అది వంద ఎంబీ ఉండే ఫ్యాట్32 ముక్క కావచ్చు. ఎందుకూ పనికిరానిదానిలా కనిపిస్తుంది. దాన్ని ఫార్మాట్ చేస్తే విండోస్ బూట్ ఫైళ్లు దానితోపాటే పోతాయి.

రెండూ యూఈఎఫ్ఐలోనే ఉండి కూడా విండోసే వస్తుంటే, సెటప్‌లో బూట్ వరుస చూసి ఉబుంటు పేరును పైకి జరపండి.

మోడ్‌లు కలిశాయి, అయినా మెనూలో విండోస్ లేదు

ఇది చిన్న పని. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఓఎస్ ప్రోబర్‌ను మామూలుగా ఆపి ఉంచుతున్నారు. 'ఈటీసీ' ఫోల్డర్‌లోని 'డిఫాల్ట్'లో 'గ్రబ్' అనే సెట్టింగుల ఫైలు ఉంటుంది. అందులో ఓఎస్ ప్రోబర్‌ను డిజేబుల్ చేసే వరుస విలువను 'ఫాల్స్' అని మార్చండి, వరుసకు ముందు హాష్ గుర్తు ఉంటే తీసేయండి. తరువాత గ్రబ్‌ను అప్‌డేట్ చేయండి. విండోస్ పేరు వచ్చేస్తుంది.

ఖాళీ తీశాను, ఇన్‌స్టాలర్ దాన్ని వాడుకోలేనంటోంది

ఎంబీఆర్ డిస్కులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే. విండోస్ 7తో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ డ్రైవ్, రికవరీ, కంపెనీ ఉపకరణాలు కలిసి ఆ నాలుగూ నిండి ఉండటం మామూలే. ఐదోది పెట్టడానికి చోటున్నా లెక్క ఒప్పుకోదు. కంపెనీ ఉపకరణాల ముక్కను కాపీ చేసుకొని తీసేయండి. ఆ స్థానంలో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ చేసి, లైనక్స్‌ను దాని లోపల లాజికల్ పార్టిషన్లలో పెట్టండి. లైనక్స్‌కు ప్రైమరీయే కావాలనే పట్టింపు లేదు. ఒక్క జాగ్రత్త: విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఐదోది చేయబోతే డిస్కును డైనమిక్‌గా మారుస్తానని అడుగుతుంది. ఒప్పుకోకండి. డైనమిక్ డిస్కు మీద లైనక్స్ పెట్టడం తలనొప్పి, వెనక్కి మార్చడం అంతకంటే పెద్ద తలనొప్పి.

లైనక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లోకి ఫైళ్లు కాపీ కావడం లేదు

విండోస్ 10 షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగదు, ఫాస్ట్ స్టార్టప్ కోసం సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న డ్రైవ్‌ను లైనక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది. అది మంచిదే, బలవంతంగా రాస్తే ఫైల్ సిస్టమ్ చెడుతుంది. పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. ఈలోగా అవసరమైతే షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ చేసి లైనక్స్‌లోకి రండి, రీస్టార్ట్‌కు ఈ నిద్ర ఉండదు.

విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది

లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో ప్రపంచ ప్రామాణిక సమయం రాస్తుంది, విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. మన సమయం 5.30 గంటలు ముందు కాబట్టి తేడా అంతే ఉంటుంది. అమెరికాలో ఉన్నవారికి తేడా ఇంకోలా కనిపిస్తుంది, కారణం మాత్రం ఇదే. లైనక్స్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్' ఆదేశంతో స్థానిక ఆర్‌టీసీ (మదర్‌బోర్డు గడియారం) అమరికను 1 చేస్తే సరిపోతుంది.

అరుదైనవి

ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోతే సెటప్‌లో సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) రెయిడ్ అని ఉందేమో చూడండి. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చే ముందు విండోస్‌ను అందుకు సిద్ధం చేయకపోతే నీలి తెర వస్తుంది. డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. 32 బిట్ ప్రాసెసర్ అయితే ఉబుంటు డెస్క్‌టాప్ 17.10 నుంచే ఆ ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేసింది, డెబియన్ కూడా 13తో ఆపింది. డెబియన్ 12తో సరిపెట్టుకోవాలి.

నెలల తరబడి బాగా నడిచిన ఏర్పాటు ఒక ఉదయం హఠాత్తుగా మారిపోయి, గడియారంలో ఏదో పాత సంవత్సరం కనిపిస్తే అది లైనక్స్ తప్పూ కాదు, విండోస్ తప్పూ కాదు. మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయింది, సెటప్ మొదటి స్థితికి వెళ్లి మీరు పెట్టిన బూట్ మోడ్ పోయింది. సెల్ మార్చి, మోడ్‌ను మళ్లీ పెట్టండి.