అమెరికాలో క్రిమినల్ జస్టిస్ మాస్టర్స్‌కి అప్లై చేయాలంటే

ఎల్ఎల్‌బీ అయినవాళ్ళు, సైకాలజీ, సోషియాలజీ చేసినవాళ్ళు ఈమధ్య క్రిమినల్ జస్టిస్, అంటే పోలీసులు, కోర్టులు, జైళ్ళ వ్యవస్థ గురించి చదివే ఈ కోర్సు గురించి బాగా అడుగుతున్నారు. మన దగ్గర అమెరికా అంటే కంప్యూటర్సే కాబట్టి కన్సల్టెన్సీకి వెళ్తే ఆ పిల్లలకి చెప్పిందే వీళ్ళకీ చెప్పి పంపేస్తారు, అక్కడే దెబ్బ పడుతుంది. మా చెల్లి ఎల్ఎల్‌బీ తర్వాత దీనికే అప్లై చేసింది, పక్కనుండి మొత్తం చూశాను కాబట్టి రాస్తున్నా.

న్యూయార్క్‌లో జాన్ జే కాలేజ్ ఉంది, పూర్తిగా ఈ సబ్జెక్టు కోసమే పేరున్న కాలేజీ, 1964లో పెట్టారు. మిషిగన్ స్టేట్‌లో అయితే 1935 నుంచీ ఈ చదువు ఉంది. ఎక్కడ అప్లై చేసినా ఫీజు కట్టేముందు రెండు విషయాలు చూడండి. ఒకటి, ఆ ప్రోగ్రాం క్యాంపస్‌లోనా ఆన్‌లైన్‌లోనా అని. అక్కడ డ్యూటీలో ఉన్న పోలీసాఫీసర్లు కూడా ఈ డిగ్రీ చేస్తారు, వాళ్ళకోసం చాలా యూనివర్సిటీలు ఆన్‌లైన్‌లోనే పెట్టేశాయి, పూర్తి ఆన్‌లైన్ ప్రోగ్రాంకి ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఇవ్వరు, ఐ-20 లేకపోతే ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా లేదు. పేరు ఒకటే ఉంటుంది కాబట్టి అప్లికేషన్‌లో తప్పు ఆప్షన్ నొక్కేస్తారు, జాగ్రత్త.

రెండోది సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ సబ్జెక్టు కిందకొస్తుందో చెప్పే నంబరు. మామూలు క్రిమినల్ జస్టిస్‌కి 43.0104 ఉంటుంది, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) లిస్టులో లేదు, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే, కంప్యూటర్స్ వాళ్ళకి వచ్చే అదనపు 24 నెలలు రావు. ఎఫ్‌బీఐ లాంటివాటిలో చేరాలంటే అమెరికా సిటిజన్ అయ్యుండాలి. ఇంట్లో లోన్ మాట ఎత్తకముందే అమ్మానాన్నలకి ఇది చెప్పండి ప్లీజ్, దాచిపెట్టి వెళ్ళినవాళ్ళు తర్వాత చాలా నలిగిపోతారు. రీసెర్చ్, పీహెచ్‌డీ, లేదా తిరిగొచ్చి ఇక్కడ పనిచేయాలని ఉంటే మాత్రం మంచి చదువు.

ఇక కాగితాలు. సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ట్రాన్స్‌క్రిప్ట్స్ (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాలు), పాస్‌పోర్ట్, మొదట స్కాన్ కాపీలు చాలు, సీటు వచ్చాక ఒరిజినల్ ట్రాన్స్‌క్రిప్ట్స్ సీల్డ్ కవర్లో అడుగుతారు. కవర్ అంటించిన చోట మడత మీద స్టాంపు సగం ఇటు సగం అటు పడాలి, అది చూసుకుని తీసుకోండి. మా చెల్లి ఇంటికి తెచ్చాక మార్కులు సరిగ్గా ఉన్నాయో లేదో అని ఆత్రంగా చించేసింది, అంతే, మళ్ళీ చలానా కట్టి మళ్ళీ 3 వారాలు తిరగాల్సొచ్చింది. మూడేళ్ళ డిగ్రీ మాత్రమే ఉంటే కొన్ని యూనివర్సిటీలు తీసుకుంటాయి, కొన్ని 16 ఏళ్ళ చదువు కావాలంటాయి, ముందే మెయిల్ పెట్టి అడగండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటే అప్లికేషన్‌లో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయాలి. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అప్లై చేసేలోపే మార్పించుకోండి.

ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 ఉంటే చాలాచోట్ల సరిపోతుంది, మాస్టర్స్ ప్రవేశ పరీక్ష జీఆర్ఈ చాలా ప్రోగ్రాములు అడగట్లేదు.

అసలు కష్టం ఎస్ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసం. చిన్నప్పటినుంచీ న్యాయం అంటే ఇష్టం అని అందరూ రాస్తారు, అది వద్దు. చెల్లి మొదట అదే రాసింది, తర్వాత కొట్టేసి, ఇంటర్న్‌షిప్‌లో కోర్టులో చూసింది రాసింది: ఒక రిమాండ్ ఖైదీకి వాయిదా ఉంది, ఎస్కార్ట్ పోలీసులు లేరని జైలు నుంచి తీసుకురాలేదు, వాళ్ళమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని సాయంత్రం దాకా వరండాలో కూర్చుంది. మన జైళ్ళల్లో నూటికి 70 మందికి పైగా ఇలాంటి విచారణ ఖైదీలే, దీనిమీద పనిచేయాలనుంది, మీ దగ్గర ఫలానా ప్రొఫెసర్ బెయిల్ మీద రీసెర్చ్ చేస్తున్నారు అని ముగించింది. మీరు చూసింది మీరు రాయండి. రికమెండేషన్ లెటర్ల విషయంలో సార్లు నువ్వే రాసుకురా సంతకం పెడతా అంటారు, అలా వద్దు సార్ అని మీరు చేసిన ప్రాజెక్టు కాపీ చేతిలో పెట్టి, నెల ముందే అడగండి.

ఆగస్టులో క్లాసులు అంటే ముందు ఏడాది సెప్టెంబర్‌కల్లా మొదలుపెట్టాలి. సీటు వచ్చాక ఐ-20 కోసం మొదటి ఏడాది ఖర్చుకి డబ్బు చూపించాలి, బ్యాంకు బ్యాలెన్సు, లోన్ శాంక్షన్ లెటర్ చెల్లుతాయి, పొలం పాస్‌బుక్కు, ఇంటి వాల్యుయేషన్ చాలాచోట్ల లెక్కలోకి రావు. ఐ-20 రాగానే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ సిస్టమ్) ఫీజు 350 డాలర్లు కట్టి, వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160 నింపి, వీసా ఇంటర్వ్యూకి స్లాట్ బుక్ చేసుకోవాలి. డీఎస్-160లో గత 5 ఏళ్ళ సోషల్ మీడియా అకౌంట్లన్నీ రాయాలి, ఒక్కటీ వదలొద్దు. మనవాళ్ళకి ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో అయితే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లోనే. ఈ కోర్సే ఎందుకు, చదివి ఏం చేస్తావు అని అడిగే అవకాశం ఎక్కువ, ఎస్ఓపీ మీరే రాసుంటే అప్పుడు తడుముకోరు.

క్లాసులు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే అమెరికాలోకి రానిస్తారు, అది చూసుకుని టికెట్ తీసుకోండి. ఆ సీల్డ్ కవర్ చేత్తో ఇవ్వమని యూనివర్సిటీ చెప్పుంటే మాత్రం పెద్ద సూట్‌కేసులో వేయొద్దు, ఐ-20తో పాటు చేతి బ్యాగులోనే పెట్టుకోండి.