వంజంగి మేఘాలు కనిపించాలంటే ముందు రాత్రి చుక్కలు చూడండి

చలికాలంలో లోయ నిండా పరుచుకున్న మేఘాలను పైనుంచి చూడటానికి విశాఖ మన్యంలోని వంజంగి కొండకు వెళ్లేవాళ్లు చాలామంది అరకులో గది తీసుకుంటారు. అలా చేయకండి. పాడేరులోనే ఆగండి, కొండ అక్కడికి దగ్గర. సూర్యోదయానికి పైన ఉండాలంటే తెల్లవారుజామున నాలుగింటికే కదలాలి. అరకు నుంచి ఘాట్ రోడ్డులో ఆ చీకట్లో రావడం ప్రమాదం కూడా.

అసలు చిట్కా ఇది. ముందు రాత్రి భోజనమయ్యాక బయటికొచ్చి ఆకాశం చూడండి. చుక్కలు స్పష్టంగా మెరుస్తూ, గాలి కదలకుండా ఉంటే అలారం పెట్టుకోండి. మబ్బు లేని రాత్రి నేల వేడి త్వరగా పైకి పోతుంది, చల్లబడి బరువెక్కిన గాలి లోయలోకి జారుతుంది, అందులోని తేమ పొగమంచవుతుంది. పైనుంచి మనకు మేఘాల్లా, పాలసముద్రంలా కనిపించేది అదే. మబ్బు పట్టినా, గాలి వీచినా అది సరిగ్గా కుదరదు. ఆ రోజు హాయిగా పడుకుని బొర్రా గుహలకు వెళ్లండి.

నవంబరు నుంచి జనవరి వరకు మంచి కాలం. నవంబరు చివర్లో వెళ్తే దారి పొడవునా పసుపు పచ్చని వలిస పూలు, తోటల్లో ఎర్రగా పండిన కాఫీ పళ్లు కూడా చూడొచ్చు. నాకైతే మేఘాలకన్నా ఆ వలిస చేలే ఎక్కువ ఇష్టం. దయచేసి ఫొటోల కోసం వాటిని తొక్కకండి. అవి గిరిజన రైతుల నూనెగింజల పంట.

స్వెట్టరుతో పాటు టార్చిలైటు, పట్టున్న బూట్లు తప్పనిసరి. మంచుకు తడిసిన మట్టిదారి బాగా జారుతుంది.